అత్తయ్య అడుగు ఎందుకు చిన్నదైంది?

ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వాళ్లది. వంటింట్లో పొయ్యి దగ్గరుండి కూడా, వీధి గుమ్మంలో అడుగు పడగానే వచ్చింది మావారో, పెద్దాడో, పాలబ్బాయో చెప్పేయగలను. మీరూ చెప్పగలరు. అలాంటిది మా అత్తగారి నడక మారిపోయిన సంగతి పట్టించుకోవడానికి మాత్రం నాకు నెలలు పట్టింది!

ఆవిడకి 72 ఏళ్లు. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, ముగ్గేసి, పక్కవీధి రామాలయానికి చకచకా వెళ్లొచ్చే మనిషి. సంక్రాంతి వెళ్లాక ఆవిడ హవాయి చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు మొదలైంది. సర్... సర్... అని. "కాళ్లు నొప్పులా అత్తయ్యా?" అంటే "ఏం లేదే అమ్మాయ్, పెద్దతనం కాదూ!" అనేవారు. మావారిదీ అదే మాట. పక్కింటి పిన్నిగారిదీ అదే మాట. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీయించి, మోకాళ్లు అరిగాయని నొప్పి బిళ్లలు రాశారు. ఆవిడకి అసలు నొప్పే లేదు! ఆ వయసులో ఎక్స్‌రే తీస్తే చాలామంది మోకాళ్లలో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుందని, నడక మారడానికి అదే కారణమని అనుకోనక్కర్లేదని మాకు తర్వాత తెలిసింది.

ఉగాది నాడు పచ్చడి గిన్నె పట్టుకుని పూజగదిలోంచి వస్తూ గడప దగ్గర ఆగిపోయారు. కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు అక్కడే చిన్నచిన్నగా తొక్కుకున్నారు. మరుక్షణం ముందుకు పడిపోయారు. దేవుడి దయవల్ల ఎముకలేవీ విరగలేదు. ఆ మర్నాడే నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరాం.

ముగ్గురం... మూడు జవాబులు

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నకే దొరికిపోయాం. "ఎప్పట్నుంచి?" అన్నారు. మావారు "ఏడాది నుంచీ" అన్నారు. నేను "సంక్రాంతి నుంచి" అన్నాను. అత్తయ్యగారు "నాకేం లేదు బాబూ, వీళ్ల కంగారు" అన్నారు!

ఆయన నవ్వి ఇంకో నాలుగు అడిగారు. మొదట ఏ కాలు బరువెక్కింది? మెట్లు ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? చెప్పు జారిపోతే ఆవిడకి తెలుస్తోందా? ఈ ఏడాదిలో కొత్తగా మొదలుపెట్టిన మందులేవి? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే చోట తింటాం. అయినా చెప్పలేకపోయాం.

"అమ్మా, నా గదిలో ఈవిడ నడిచేది పది అడుగులు. అదీ డాక్టరు చూస్తున్నాడని సర్దుకుని నడుస్తారు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా చూసేది మీరు. పదిహేను రోజులు చూసి, రాసి తీసుకురండి" అన్నారాయన. నిజం చెప్పొద్దూ, ఇంత ఫీజు తీసుకుని పని నాకు అప్పజెప్పారేమిటా అనిపించింది ఆ క్షణాన!

పాల లెక్క పక్కనే...

మా వంటింట్లో గోడకి వేలాడే క్యాలెండరులో పాల లెక్క రాస్తాను. దాని పక్కనే అత్తయ్య నడక లెక్క మొదలుపెట్టాను. ఏ పూట బాగున్నారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ తూలారు... అంతే. వారం తిరిగేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. వరండాలో బాగానే నడుస్తున్నారు. గుమ్మాల దగ్గరా, వెనక్కి తిరిగేటప్పుడూ ఆగిపోతున్నారు. నడిచేటప్పుడు రెండు చేతులూ ఊగడం లేదు, ఒంటికి అతికించినట్టున్నాయి. మెట్ల సంగతి సరే, కుర్చీలోంచి లేవడానికే రెండుసార్లు ఊగి లేస్తున్నారు.

ఇంకో సాక్ష్యం పూజగదిలో దొరికింది. ఆవిడ రోజూ రామకోటి రాస్తారు. పేజీ పైన తేదీ వేయడం అలవాటు. పాత పుస్తకం తిరగేశాను. దసరాలకి అక్షరాలు గడి నిండా గుండ్రంగా ఉన్నాయి. కార్తీకమాసంలో కాస్త తగ్గాయి. సంక్రాంతికి సగమయ్యాయి. శివరాత్రికి చీమల బారులా ఉన్నాయి! ఆవిడ చేత్తో ఆవిడే రాసి పెట్టుకున్నారు జబ్బు చరిత్రంతా. చూడాల్సిన వాళ్లం చూడలేదు.

మందుల డబ్బా బోర్లించి చీటీలన్నీ తేదీల వారీగా పేర్చాను. దసరా ముందు కడుపుబ్బరానికని ఒక డాక్టరు పదిహేను రోజులకి గ్యాస్ క్యాప్సూల్ రాశారు. హాయిగా ఉందని అదే చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో నెలనెలా తెచ్చుకున్నాం. తెచ్చింది ఎవరో కాదు, నేనే.

ఈసారి డాక్టరుగారు క్యాలెండరు కాగితాలూ, రామకోటి పుస్తకమూ, ఖాళీ మందు అట్టా పక్కపక్కన పెట్టుకుని చూశారు. అట్ట వెనక లెవోసల్‌పిరైడ్ అన్న పేరు కింద గీత గీశారు. కడుపులో మందమూ వికారమూ తగ్గించడానికి వాడే ఈ మందు మెదడులో డోపమిన్ అనే రసాయనం పనికి అడ్డుపడగలదు. డోపమిన్ పని చెడితే వచ్చే లక్షణాలే పార్కిన్సన్ జబ్బు లక్షణాలు: చిన్న అడుగులు, బిగుసుకున్న ఒళ్లు, చిన్నబోయిన అక్షరాలు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికిచ్చే సిన్నరిజిన్, తలనొప్పికీ తలతిరుగుడుకీ ఇచ్చే ఫ్లూనరిజిన్, మనోవ్యాధులకి వాడే కొన్ని మందులూ ఇదే పని చేయగలవు. పెద్దవయసు వాళ్లకి ఈ ప్రమాదం ఎక్కువ. అందరికీ రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎవరూ గుర్తుపట్టకపోతే "ముసలితనం" ఖాతాలోకి పోతుంది.

వయసు జబ్బు పేరు కాదు

నడక అంటే కాళ్ల పని ఒక్కటే అనుకుంటాం. మెదడు ఆజ్ఞ ఇవ్వాలి, వెన్నుపాము దాన్ని మోసుకెళ్లాలి, నరం అందించాలి, కండరం లాగాలి, కీలు వంగాలి. కన్నూ, లోపలి చెవీ, అరికాలి స్పర్శా కలిసి ఒళ్లు తూలకుండా చూడాలి. గుండె రక్తం అందించాలి. వీటిలో ఏది చెడినా నడక మారుతుంది. ఒక్కోటి చెడినప్పుడు ఒక్కో తీరున మారుతుంది. అందుకే "నడవలేకపోతున్నారు" అన్న ఒక్క మాటతో డాక్టరుకి దారి దొరకదు. ఎలా నడవలేకపోతున్నారన్నది చెబితే దొరుకుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. పార్కిన్సన్ జబ్బుకి ఆ పేరు జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడి మూలంగా వచ్చింది. 1817లో ఆయన ఆరుగురు రోగుల గురించి రాస్తే, అందులో కొందరు వీధిలో నడిచి వెళ్తుండగా ఆయన కంటబడ్డవాళ్లే. స్కానింగులు లేని రోజుల్లో నడకే ఆధారం. మన దగ్గరే చూడండి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములూ కీళ్లూ బిగుసుకుపోయి వంగిపోయిన మనుషులని పరీక్షించి, కారణం బావినీళ్లలోని ఫ్లోరైడ్ అని వైద్యులు 1937లో రాశారు. నల్గొండ పల్లెల కష్టమూ అదే. "ఏదో వాతం" అని సరిపెట్టుకుని ఉంటే ఆ నీళ్ల గుట్టు బయటపడేదే కాదు.

చెప్పు జారితే ఒక అర్థం ఉంది

మన నరాల డాక్టర్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. చెప్పు జారిపోతోందా? జారినట్టు తెలుస్తోందా? తెలిసి కూడా ఆపలేకపోతే పాదంలో పట్టు తగ్గిందని అనుమానం. జారిన సంగతే తెలియక, కాలికి చెప్పు లేకుండానే నాలుగడుగులు వేస్తే స్పర్శ తగ్గిందని అనుమానం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో, బి12 విటమిన్ లోపించిన వాళ్లలో ఇది కనిపిస్తుంది. ఇలాంటివే మరికొన్ని:

* చీకట్లోనూ, కళ్లు మూసుకుని మొహం కడుక్కునేటప్పుడూ తూలిపోతుంటే అరికాళ్ల స్పర్శ సంగతి చూడాలి. పగలు కన్ను కాపాడుతుంది, చీకటి పడితే కాపాడేదేదీ ఉండదు.

* కింద కూర్చుంటే లేవలేక మోకాళ్ల మీద చేతులు ఊని లేస్తూ, మెట్లు ఎక్కలేకపోతుంటే తొడల్లో, తుంటి దగ్గర కండరాలు బలహీనపడి ఉండొచ్చు. డి విటమిన్ లోపం, థైరాయిడ్ తేడాలు కూడా ఇందుకు కారణమవుతాయి. ఎండ పొడ తగలని ఆడవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

* మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమై, కాసేపు కూర్చుని లేచేసరికి మోకాలు పట్టేసి, నాలుగడుగులు వేశాక సర్దుకుంటే మోకాలి కీలు అరుగుదల కావచ్చు.

* ప్రతిసారీ ఇంచుమించు అంతే దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, నిలబడితే తగ్గిపోతే కాలికి రక్తం చాలడం లేదేమో చూపించాలి. నిలబడితే తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉంటే నడుము దగ్గర వెన్నులో ఇరుకు కావచ్చు. ఎన్ని కరెంటు స్తంభాల దూరం నడవగలిగారో లెక్కపెట్టి రాస్తే చాలు.

* నడుస్తుంటే పాదం ముందుభాగం వాలిపోయి, బొటనవేలు తట్టుకుంటుంటే మోకాలి పక్కన వెళ్లే నరం దెబ్బతిని ఉండొచ్చు. నడుములో నరం నొక్కుకుపోయినా ఇలా కావచ్చు.

* కాళ్లు నేలకి అతుక్కున్నట్టు నడక, దానికి తోడు మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు... ఈ మూడూ కలిస్తే మెదడు లోపలి గదుల్లో నీరు చేరిందేమో చూడాలి. 1965లో వైద్యులు వివరించిన ఈ జబ్బులో నీటిని మళ్లించే గొట్టం అమర్చితే చాలామంది నడక మెరుగుపడుతుంది. "చాదస్తం, ముసలితనం" అని ఇంట్లో కూర్చోబెట్టేస్తే ఆ అవకాశం చేజారినట్టే.

ఇవి చదివి మీరే జబ్బు పేరు పెట్టేయమని కాదు సుమా! ఏది గమనించాలో తెలియడం కోసం.

పిల్లల నడక

చంటిపిల్లలు చాలామంది ఏడాది అటూ ఇటూగా నడుస్తారు. 18 నెలలు నిండినా నడవకపోతే "మా వంశంలో అందరూ లేటే" అనుకోకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. అడుగు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచే కుంటుతుంటే తుంటి కీలు సరిగ్గా అమరలేదేమో చూస్తారు. మూడు నాలుగేళ్ల మగపిల్లాడు తరచూ పడిపోతూ, నేల మీంచి లేచేటప్పుడు తన తొడల మీద చేతులు ఊని పైకి పాక్కుంటూ లేస్తుంటే అస్సలు ఆలస్యం చేయొద్దు. విలియం గవర్స్ అనే వైద్యుడు 1879లో వివరించిన ఈ గుర్తు కండరాల క్షీణత జబ్బులో కనిపిస్తుంది. ముందు ఒక రక్తపరీక్షతో దారి తెలుస్తుంది.

15 ఏళ్లలోపు పిల్లలకి ఉన్నట్టుండి కాలు మెత్తబడి పడిపోతే ఆ సంగతి ప్రభుత్వ వైద్యశాఖకి చేరాలి. మొదలైన 14 రోజుల్లోపు, కనీసం 24 గంటల తేడాతో రెండుసార్లు మలం తీసుకుని పరీక్షకి పంపుతారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో కేసు రాలేదని, 2014 మార్చిలో ధ్రువపత్రం అందిందని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఊరూరా ఇలా కాలు పడిపోయిన ప్రతి బిడ్డ గురించీ తేదీతో సహా రాసి పంపబట్టే ఆ మాట ధైర్యంగా చెప్పగలిగారు.

ఏం రాయాలి?

పెద్ద పుస్తకం అక్కర్లేదు. క్యాలెండరు వెనక పేజీ చాలు.

* మొదటిసారి ఎప్పుడు గమనించారు? తేదీ గుర్తు లేకపోతే పండగో, పెళ్లో, వానాకాలమో పట్టుకోండి. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగానా?

* కుడికాలా, ఎడమకాలా, రెండూనా? నడిచేటప్పుడు చేతులు ఊగుతున్నాయా?

* ఎక్కడ కష్టం? గుమ్మం, మెట్లు, స్నానాలగది, బస్సు మెట్టు, సందు మలుపు.

* ఏ పూట? మందు వేసుకోకముందా, వేసుకున్నాకా?

* ఎన్నిసార్లు పడ్డారు? ముందుకా, వెనక్కా, పక్కకా? పడేముందు కళ్లు తిరిగాయా? పడబోయి గోడ పట్టుకున్నవీ లెక్కే.

* వాడుతున్న మందులన్నీ. గ్యాస్ బిళ్ల, నిద్రమాత్ర, ఆయుర్వేదం కూడా. ఏది ఎప్పుడు మొదలైంది?

* నడకతో పాటు వచ్చిన తేడాలు. చేతిరాత, జాకెట్టు హుక్సులు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, మూత్రం, మతిమరుపు.

ఇంట్లో ఫోను ఉంటే ఒక నిమిషం వీడియో తీయండి. ఎదురుగా వస్తున్నట్టు, వెళ్తున్నట్టు, పక్కనుంచి. మన ఆడవాళ్లకి ఇక్కడో చిక్కుంది. చీర కుచ్చెళ్లు పాదాలని కప్పేస్తాయి. డాక్టరు దగ్గరా అంతే. చీలమండల పైదాకా చీర ఎత్తి కట్టుకోమనండి, లేదా నైటీ వేయించండి. సిగ్గుపడాల్సిందేం లేదు. పాదం కనబడకపోతే నడక కనబడదు. తీసే ముందు వాళ్లని అడిగి, ఆ వీడియో డాక్టరుకి తప్ప ఇంకెవరికీ పంపనని మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.

గడియారం పెట్టి చూసే చిన్న పరీక్ష ఒకటుంది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, 3 మీటర్ల దూరంలో నేల మీద ముగ్గుతో గీత గీయండి. లేచి, మామూలుగా ఆ గీత దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పెద్దవాళ్లకి పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మీరు పక్కనే నిలబడండి. నెలకోసారి చూసి అంకె రాసుకోండి. ముందు నెలకీ ఈ నెలకీ తేడా చెప్పేది ఆ అంకే. ఆస్పత్రి చీటీ మీద కూడా "నడక కష్టం" అని మాత్రమే రాసి ఉంటే, ఎంత దూరం నడవగలుగుతున్నారు, కర్ర సాయం కావాలా, ఎన్నిసార్లు పడ్డారు అన్నవి రాయమని మర్యాదగా అడగండి. రేపు మరో డాక్టరు చూసినప్పుడు అక్కరకొస్తుంది.

రాస్తూ కూర్చోకూడని వేళలు

ఒక్కసారిగా ఒకపక్క కాలో చెయ్యో పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా నిమిషం ఆగకుండా పెద్దాస్పత్రికి పరిగెత్తాలి. మొదలైన టైము మాత్రం గుర్తుపెట్టుకోండి, వైద్యం దాని మీదే ఆధారపడుతుంది. రెండుమూడు రోజుల్లో పాదాల నుంచి నీరసం పైకి పాకుతున్నా, నడుంనొప్పితో పాటు కూర్చునే చోట తిమ్మిరెక్కి మూత్రం బిగిసినా, జ్వరంతో ఉన్న బిడ్డ కాలు కింద పెట్టకపోయినా అంతే. పెద్దవాళ్లు పడ్డాక లేవలేక, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. లేపి నడిపించే ప్రయత్నం చేయొద్దు.

మళ్లీ గడి నిండింది

అత్తయ్యగారి గ్యాస్ క్యాప్సూల్ మాన్పించి, డాక్టరుగారు కడుపుకి వేరే మందు రాశారు. ఏ మందైనా ఇలా మనంతట మనమే ఆపేయకూడదని, కొన్ని హఠాత్తుగా ఆపితే ముప్పని కూడా హెచ్చరించారు. "మందు వల్ల వచ్చిందైతే నెలల్లో తగ్గుతుంది. కొందరిలో లోపల దాగి ఉన్న అసలు జబ్బుని మందు బయటికి లాగుతుంది. అందుకని రాయడం మాత్రం మానకండమ్మా" అన్నారు.

మొదటి నెల ఏ తేడా లేదు. మావారు విసుక్కున్నారు, నేను దిగులుపడ్డాను. రెండో నెల చివర్లో గడప దగ్గర ఆగడం తగ్గింది. కుర్చీ పరీక్షకి మొదట 24 సెకన్లు పట్టింది, ఆషాఢంలో 15కి వచ్చింది. శ్రావణ శుక్రవారం నాడు పేరంటానికి ఎదురింటి దాకా నా చెయ్యి పట్టుకోకుండా వెళ్లొచ్చారు. ఇప్పటికీ మూడు నెలలకోసారి డాక్టరుకి చూపిస్తున్నాం.

మొన్న రామకోటి రాస్తూ పిలిచారు. "అమ్మాయ్, ఇలా రా. ఈ పేజీ చూడు, గడి దాటిపోతోంది అక్షరం" అన్నారు. చూశాను. కింద తేదీ వేసి, మందుల చీటీల ఫైల్లో దానికీ ఒక జిరాక్సు పెట్టుకున్నాను. ఆవిడ అది చూసి నవ్వి, "నా సంగతి సరేనే, పొద్దుట్నుంచి నువ్వు నడుం పట్టుకుని నడుస్తున్నావు. నీ పేరున రాస్తున్నావా ఎక్కడైనా?" అన్నారు.

ఆ రాత్రే క్యాలెండరులో పాల లెక్కకి ఇంకోపక్క నా పేరు రాసుకున్నాను.